నీనాకి ఎన్ని పాయింట్లు, కేట్‌కి ఎన్ని

(విశాఖపట్నంలో వీడియోగేమ్‌లు తయారుచేయాలని ఉత్సాహపడే విద్యార్థుల చిన్న సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ ఇంకా నాలుగు కుర్చీలున్నాయి. ఈ బల్ల మీద పెట్టిన రెండు మెషిన్లనీ దగ్గర నుంచి చూడాలి మరి, దూరం నుంచి ఏమీ కనపడదు. వీటి తెర అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, అంతే.

ఇవి గేమ్ బాయ్ కలర్‌లు, చేతిలో పట్టుకుని ఆడే వీడియోగేమ్ మెషిన్లు. జపాన్ కంపెనీ నింటెండో 1998లో తెచ్చింది. ఊదారంగుది నాది, పసుపుది మా బావది. తెర మీద అడ్డంగా 160 చుక్కలు, నిలువుగా 144 చుక్కలు. లోపల లైటు లేదు. రెండు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. ఎడమవైపు ప్లస్ గుర్తు, కుడివైపు ఏ, బి అని రెండు బటన్లు. రెండింటిలోనూ ఒకే కేసెట్ ఉంది, మారియో టెన్నిస్. కేమ్‌లాట్ అనే జపాన్ సంస్థ చేసింది, 2000 చివర్లో జపాన్‌లో, 2001 మొదట్లో మిగతా దేశాల్లో వచ్చింది. ఈరోజు నేను మాట్లాడబోయేది ఈ ఒక్క ఆట గురించే. గేమ్‌లు చేయడం నేర్చుకుంటున్న మీకు పాతికేళ్ల కిందటి ఆట ఎందుకు అంటారేమో, నాకు డిజైన్ అంటే ఏమిటో తెలిసింది దీనివల్లే, దీని తర్వాత చదివిన పుస్తకాలన్నీ దీన్ని అర్థం చేసుకోవడానికే పనికొచ్చాయి.

మా మావయ్య ఓడల్లో పనిచేసేవాడు. మా అమ్మకి అన్నయ్య. ఆరేడు నెలలు సముద్రం మీద, రెండు నెలలు గాజువాకలో ఇంటి దగ్గర. విశాఖలో చాలా ఇళ్లల్లో ఇలాంటి మావయ్యో బాబాయో ఉంటాడు, మీకు చెప్పక్కర్లేదు. ఆయన వచ్చాడంటే పెట్టె విప్పే రోజు ఒక పండగ. 2001 దసరాకి సింగపూర్ నుంచి ఈ రెండూ తెచ్చాడు, ఒకటి వాళ్లబ్బాయికి, ఒకటి నాకు. అప్పటివరకూ మాకు తెలిసిన వీడియోగేమ్ అంటే టీవీకి తగిలించేది, లేకపోతే ఇటుకలు పడే ఆ చిన్న బ్రిక్ గేమ్. ఇద్దరికీ ఒకే ఆట ఎందుకు తెచ్చావు మావయ్యా, వేరే వేరేవి తెస్తే మార్చుకునేవాళ్లం కదా అని అడిగాను. రెండు మెషిన్లూ కలిపి ఒకరితో ఒకరు ఆడొచ్చంట, కానీ ఇద్దరి దగ్గరా కేసెట్ ఉండాలని షాపువాడు చెప్పాడమ్మా అన్నాడు. మరి కలిపే కేబుల్ ఏది అంటే, అది మర్చిపోయాడు. మళ్లీ ఓడెక్కి వెళ్లి వచ్చేటప్పుడు తెస్తానన్నాడు. అంటే ఏడు నెలలు.

ఆ ఏడు నెలలే ఈ ప్రసంగం అనుకోండి.

ఆట ఎలా మొదలవుతుందో చెప్తాను. మారియో అంటే నింటెండో ఆటల్లో పేరుమోసిన మీసాల హీరో. పేరు మారియో టెన్నిస్ అయినా కథలో మీరు మారియో కాదు. అలెక్స్ అనే అబ్బాయినో నీనా అనే అమ్మాయినో ఎంచుకుంటారు. రాయల్ టెన్నిస్ అకాడమీ అనే బడిలో కొత్తగా చేరతారు. అలెక్స్‌కి డబుల్స్ జోడీ హ్యారీ, నీనాకి కేట్. జూనియర్‌లో అట్టడుగున మొదలుపెట్టి, పై ర్యాంకులో ఉన్న ఒక్కొక్కరినీ ఓడించుకుంటూ జూనియర్ నుంచి సీనియర్‌కి, అక్కణ్నుంచి వర్సిటీకి ఎక్కాలి. ఆ తర్వాత ఐలాండ్ ఓపెన్ అనే పెద్ద టోర్నీ. అది కూడా గెలిచాకే మారియో వాళ్ల కోటకి పిలుపొస్తుంది. కవర్ మీద బొమ్మ ఎవరిదో వాళ్లని కలవడానికి మనం ఆట మొత్తం నడిచి వెళ్లాలన్నమాట. నాకు ఆ పద్ధతి ఎంతో నచ్చింది, ఇప్పటికీ నచ్చుతుంది. పెద్దింటి గుమ్మం తొక్కడానికి ముందు మన కాళ్లకి కొంత బలం రావాలి.

ఇదే సంస్థ 1999లో గేమ్ బాయ్ కలర్‌కే మారియో గోల్ఫ్ చేసింది, ఈ పద్ధతి అందులోనే మొదలైంది. కేమ్‌లాట్ నడిపించేది తకహాషి అన్నదమ్ములు, హిరోయుకి, షుగో. వాళ్లు అంతకుముందు షైనింగ్ ఫోర్స్ లాంటి కథలున్న రోల్ ప్లేయింగ్ ఆటలు చేసినవాళ్లు. కత్తులూ మంత్రాలూ ఉండే ఆటల్లో పాత్ర ఎలా ఎదుగుతుందో ఆ లెక్కంతా తెచ్చి టెన్నిస్ బ్యాటుకి కట్టారు. మ్యాచ్ గెలిస్తే అనుభవం పాయింట్లొస్తాయి, సాధన చేసినా వస్తాయి, పాయింట్లు నిండితే లెవెల్ పెరుగుతుంది, పెరిగినప్పుడు ఏ గుణం పెంచుకోవాలో మీరు చెప్పాలి. స్పిన్, పవర్, కంట్రోల్, స్పీడ్. అడిగేది ఈ నాలుగు మాటలే. వినడానికి చాలా చిన్న ప్రశ్న. కానీ ఏడో తరగతి చదివే పిల్ల రాత్రి తొమ్మిదింటికి ట్యూబ్‌లైట్ కింద కూర్చుని ఆ ప్రశ్న ముందు పావుగంట ఆగిపోయిందంటే అందులో ఏదో ఉన్నట్టే కదా.

దానికంటే గట్టి ప్రశ్న ఇంకోటుంది. వచ్చిన అనుభవం పాయింట్లు ఎవరికివ్వాలి? మీకా, మీ జోడీకా? నీనాకా, కేట్‌కా? కేట్‌కి ఇస్తే నీనాకి తగ్గుతాయి. ఒక్కటే కుండ, ఇద్దరు తినాలి. సింగిల్స్ ఆడాలంటే నీనా ఒక్కతే కావాలి, డబుల్స్ ఆడాలంటే కేట్ కూడా నిలబడాలి. ఏది ఎంత అన్నది మీ ఇష్టం.

ఇక్కడ కాసేపు ఆగి బటన్ల గురించి చెప్పాలి, ఎందుకంటే పాత్ర ఎంత పెరిగినా చేతికి తెలియకపోతే అదంతా కాగితం మీద అంకెలే. ఏ నొక్కితే టాప్ స్పిన్, అంటే ముందుకి గిర్రున తిరుగుతూ వెళ్లి పడ్డాక ఎగిరే బంతి. బి నొక్కితే స్లైస్, అంటే పడ్డాక పెద్దగా లేవకుండా జారే బంతి. ఏ తర్వాత బి నొక్కితే లాబ్, అంటే ఎదుటివాడి తల మీదుగా ఎత్తుగా వెళ్లే బంతి. బి తర్వాత ఏ నొక్కితే డ్రాప్, నెట్ దాటీదాటగానే చచ్చినట్టు పడే బంతి. రెండూ ఒకేసారి నొక్కితే బలంగా కొట్టే దెబ్బ, బంతి ఎత్తులో ఉంటే స్మాష్. రెండే బటన్లు, వాటి వరస మార్చితే అయిదు దెబ్బలు. టెన్నిస్‌లో ఉండే పంచప్రాణాలూ అందులో వచ్చేశాయి. బంతి ఎక్కడుందో చూపించడానికి ఆ చిన్న తెర మీద దాని నీడ వేశారు. నీడకీ బంతికీ మధ్య దూరం చూసి ఎత్తు తెలుసుకుంటాం. ముందుగా చోటుకి చేరి బటన్ నొక్కి పట్టుకుంటే దెబ్బకి బలం పోగవుతుంది, కానీ నొక్కాక పరుగు మందగిస్తుంది. కాబట్టి ముందు చేరినవాడికి లాభం, తొందరపడి తప్పుచోట నిలబడ్డవాడికి నష్టం. నిజం టెన్నిస్‌లో కోచ్‌లు పొద్దస్తమానం అరిచేదీ అదే, కాళ్లు ముందు, చెయ్యి తర్వాత అని.

నేను ఆ తర్వాత నిజంగా కొన్నాళ్లు టెన్నిస్ నేర్చుకున్నాను. మొదటిరోజు కోచ్ స్లైస్ అంటే ఏమిటో చెప్పబోతే నాకు ముందే తెలుసు, బంతి పడ్డాక లేవదు, జారుతుంది, ఎదుటివాళ్లు వంగాలి. ఆట నేర్పింది.

ఏడు నెలల సంగతికి వస్తాను. మా ఇల్లు ఉక్కునగరంలో, బావ వాళ్లది గాజువాకలో. ఆదివారం ఎప్పుడైనా కలిసేవాళ్లం, కానీ ఒక ఒప్పందం ఉండేది, కేబుల్ వచ్చేదాకా ఒకరి కేసెట్ ఒకరు చూడకూడదు. ఎవరు ఏం పెంచుతున్నారో చెప్పకూడదు. బావ అలెక్స్‌ని తీసుకున్నాడని మాత్రం తెలుసు. అంటే నాకు తెలియని ఒక మనిషి కోసం నేను రోజూ సాధన చేస్తున్నాను. అకాడమీలో ఎదురయ్యే ఆటగాళ్లందరూ కంప్యూటర్ ఆడించే బొమ్మలు, వాళ్లని గెలవడం ఒక మెట్టు, కానీ నా మనసంతా ఆ అలెక్స్ మీద ఉండేది. బావ ఎలాంటివాడో నాకు తెలుసు. ఎడ్లబండి మీద వెళ్తున్నా ముందు కూర్చోవాలంటాడు. తప్పకుండా పవర్ పెంచుతాడనుకున్నాను. అందుకని నేను కంట్రోల్, స్పిన్ పెంచుకుంటూ వచ్చాను. బలానికి ఎదురు బలం పెడితే నేను ఓడిపోతాను, బలవంతుణ్ని పరిగెత్తించాలి అనుకున్నాను. పన్నెండేళ్ల వయసులో నేను చేసిన మొదటి వ్యూహం అదే, ఇప్పటికీ దాని గురించి నాకు గర్వంగానే ఉంటుంది.

2002 వేసవి సెలవుల్లో మావయ్య వచ్చాడు, కేబుల్ వచ్చింది. సాయంత్రం గాజువాకలో వాళ్ల డాబా మీద కూర్చున్నాం. తెరలో లైటు లేదని చెప్పాను కదా, ఎండ తగ్గేలోపు ఆడెయ్యాలి. కేబుల్ పొట్టిది, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుంటే తప్ప అందదు. రెండు మెషిన్లకీ గుచ్చి, ఇద్దరం ఎవరి పాత్రని వాళ్లు ఎంచుకుని, ఒకరి తెర మీద ఒకరి పాత్ర రాగానే, అది నేను మాటల్లో చెప్పలేను, ఏడు నెలలుగా ఊహించుకుంటూ వచ్చిన మనిషి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డట్టు ఉంది.

మొదటి మ్యాచ్ బావే గెలిచాడు. ఆ సర్వీస్ వస్తుంటే నాకు టెన్షన్‌తో బొటనవేలు వణికిపోయింది. అనుకున్నట్టే అంతా పవర్. కానీ రెండో మ్యాచ్‌లో ఒకటి గమనించాను, స్పీడ్‌కి ఏమీ పెట్టలేదు. అలెక్స్ ఒక దెబ్బ కొట్టాక రెండో చివరికి రాలేకపోతున్నాడు. డ్రాప్ వేసి నెట్ దగ్గరికి లాగాను, వచ్చాక తల మీదుగా లాబ్ వేశాను. మళ్లీ డ్రాప్, మళ్లీ లాబ్. ఏటే, నీ బంతి ఇలా మెలికలు తిరుగుతాదేటి అన్నాడు. ఆ తర్వాత మూడు మ్యాచ్‌లు వరసగా నావి. చీకటి పడింది, తెర కనపడక వీధి దీపం కిందకి దిగి ఆడాం.

మల్టీప్లేయర్ అంటే ఇద్దరు ఒకేసారి ఆడడం అని మనం తేలిగ్గా అనేస్తాం. అది ఎప్పటినుంచో ఉంది. 1958లో అమెరికాలో బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథమ్ అనే భౌతికశాస్త్రవేత్త, చూడ్డానికి వచ్చే జనం విసుగుపడకుండా ఉండాలని విద్యుత్ తరంగాల్ని గీతల్లా చూపించే ఆసిలోస్కోప్ అనే పరికరం తెర మీద టెన్నిస్ ఆట చేశాడు. మొదటి వీడియోగేమ్‌లలో ఒకటి అది, అదీ టెన్నిసే, అదీ ఇద్దరికే. 1972లో అటారీ పాంగ్ కూడా అంతే. 1989లో మొదటి గేమ్ బాయ్‌కి టెన్నిస్ వచ్చింది, అందులో మారియో అంపైర్ కుర్చీలో కూర్చుంటాడు, కేబుల్ పెట్టి ఇద్దరు ఆడొచ్చు. వీటన్నిటిలో ఇద్దరికీ ఒకేలాంటి బొమ్మ ఇస్తారు, ఎవరి చెయ్యి చురుకైతే వాళ్లు గెలుస్తారు. అది కూడా మంచి ఆటే. కానీ ఆ డాబా మీద మేం ఆడింది వేరే. అక్కడ ఢీకొన్నవి రెండు చేతులతో పాటు ఏడు నెలల నిర్ణయాలు. ఫలానా రోజు నేను స్పిన్ ఎందుకు పెంచాను, ఫలానా రోజు బావ స్పీడ్ ఎందుకు వదిలేశాడు, అవన్నీ ఆ సాయంత్రం కోర్టులో కనపడ్డాయి. పాత్రని పెంచడం ఒక్కటే ఉంటే అది ఎవరికీ చూపించని డైరీ. ఇద్దరు ఆడడం ఒక్కటే ఉంటే ముఖపరిచయం. రెండూ కలిస్తేనే ఆ సాయంత్రం. మీరు చేసే ఆటలో ఈ రెండూ ఉంటే వాటిని రెండు వేరే మెనూల్లో పెట్టి వదిలెయ్యకండి, దయచేసి. ఒకదాంట్లో చేసిన పని రెండోదాంట్లో కనపడాలి.

ఇంకో సంగతి, బావ కథలో డబుల్స్ దగ్గర ఆగిపోయాడు. పాయింట్లన్నీ అలెక్స్‌కే ఇచ్చాడు, హ్యారీ పాపం చేరిన రోజు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు. ఎదుటి జోడీకి బుద్ధి ఉంటుంది కదా, బంతి హ్యారీ మీదకే కొడతారు. నువ్వు పక్కన కొండలా నిలబడి చూస్తూ ఉండాలి. వెనక్కి వెళ్లి హ్యారీకి పాయింట్లు సంపాదించడానికి బావకి ఒక నెల పట్టింది.

అప్పట్లో ఇది నాకు ఆటలో చిట్కా లాగే అనిపించింది. 2005 ఫిబ్రవరిలో సానియా మీర్జా హైదరాబాద్ ఓపెన్ గెలిచింది, డబ్ల్యూటీఏ, అంటే మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం, సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయురాలు. మేమందరం టీవీ ముందు ఉన్నాం. ఆమె ఫోర్‌హ్యాండ్ చూసి నేను పవర్‌లో ఎన్ని లెవెల్స్ పెట్టిందో అనుకున్నాను, నిజంగా అలాగే అనుకున్నాను. తర్వాత మణికట్టు గాయాలు, మోకాలి గాయాలు, 2013లో సింగిల్స్ ఆపేసింది. చాలామంది అయ్యో అన్నారు, ఇంకేముంది, అయిపోయింది అన్నట్టు మాట్లాడారు. 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. అదే ఏడాది మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్ డబుల్స్ గెలిచింది. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మన తెలుగువాడు సాకేత్ మైనేనితో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ బంగారు పతకం తెచ్చింది. డబుల్స్ అంటే సింగిల్స్ చేతకానివాళ్ల ఆట అనే మాట వింటే నాకు కోపం వస్తుంది. అది వేరే విద్య. పక్కవాళ్లు ఎక్కడుంటారో వెనక్కి చూడకుండా తెలియాలి. ఆ కేసెట్ చేసినవాళ్లకి ఆ సంగతి తెలుసు, అందుకే జోడీకి పాయింట్లు మన వాటాలోంచే ఇమ్మన్నారు. ఊరికే ఇచ్చేస్తే అందులో ఏముంది?

ఈ ఆటకి వెనక ఇంకో పెద్దాట ఉంది, అది మాకు అందలేదు. టీవీకి తగిలించి ఆడే నింటెండో 64 మెషిన్‌కి కూడా 2000లోనే మారియో టెన్నిస్ వచ్చింది, మారియో ఆటల్లో వలూయీజీ అనే పాత్ర మొదటిసారి కనపడింది అందులోనే. ట్రాన్స్‌ఫర్ ప్యాక్ అని ఒకటి కంట్రోలర్‌కి తగిలించి అందులో ఈ చిన్న కేసెట్ పెడితే, మనం పెంచిన నీనా టీవీలో నిలువెత్తున నడుస్తుంది, అక్కడ సంపాదించిన అనుభవాన్ని మళ్లీ చిన్న కేసెట్‌లోకి తెచ్చుకోవచ్చు. మాకు నింటెండో 64 లేదు, మాకు తెలిసినవాళ్లెవరికీ లేదు. ఆ ఆట తాలూకు కాగితంలో బొమ్మ చూసి ఊహించుకునేవాళ్లం.

2005లో నింటెండో తర్వాతి చేతి మెషిన్ గేమ్ బాయ్ అడ్వాన్స్‌కి దీని తమ్ముడు వచ్చాడు, మారియో టెన్నిస్ పవర్ టూర్. అందులో క్లే, ఏస్ అని ఇద్దరు, అదే బడి, కేబుళ్లతో నలుగురు ఆడొచ్చు. బాగుంటుంది, కానీ మంత్రాల్లాంటి పవర్ షాట్లు వచ్చాక నాకు ఆ నేలమీది టెన్నిస్ కాస్త పలచబడింది అనిపించింది. అదే ఏడు సోనీ చేతి మెషిన్ పీఎస్పీకి వర్చువా టెన్నిస్ వరల్డ్ టూర్ వచ్చింది, అందులో కూడా మన ఆటగాణ్ని తయారుచేసి ప్రపంచం చుట్టించొచ్చు. 2012లో నింటెండో చేతి మెషిన్ త్రీడీఎస్‌కి మారియో టెన్నిస్ ఓపెన్ వచ్చినప్పుడు నేను ఎంతో ఆశపడ్డాను. అందులో ఈ బడి లేదు, కథ లేదు. బ్యాట్లు, బట్టలు, బూట్లు కొనుక్కుంటే గుణాలు మారతాయి. బట్ట మార్చడం ఎదగడం కాదండి. చొక్కా విప్పేస్తే పోయే బలం ఎవరిది? ఇప్పుడు ఫోన్లలో వచ్చే టెన్నిస్ ఆటలు చాలావాటిలో ఇంకో అడుగు ముందుకేసి డబ్బు కడితే బలం ఇస్తున్నారు. అక్కడ ఎదుటివాడితో ఆడుతున్నప్పుడు అతని నిర్ణయాలు కనపడవు, అతని జేబు కనపడుతుంది. మీలో రేపు అలాంటి కంపెనీల్లో ఉద్యోగం చేయబోయేవాళ్లు ఉంటారు, తప్పని నేను అనను, ఇల్లు గడవాలి. కానీ ఒక్కసారైనా గదిలో లేచి ఈ మాట అడగండి, ఈ పిల్లాడు గెలిచినప్పుడు ఇది నా పెంపకం అనుకోగలడా అని.

ఇప్పుడు హుద్‌హుద్ తుపాను గురించి చెప్పాలి.

2014 అక్టోబర్ 12, ఆదివారం. ఇక్కడున్న చాలామందికి అప్పుడు ఏడెనిమిదేళ్లుంటాయి, అయినా ఆ గాలి శబ్దం గుర్తుండే ఉంటుంది. అప్పటికి మేం ఎంవీపీ కాలనీకి వచ్చేశాం. కరెంటు లేదు, నీళ్లు లేవు, పాల కోసం క్యూలు, ఫోన్లు చచ్చిపోయాయి. మర్నాడు బయటికొచ్చి చూస్తే ఊళ్లో చెట్లే లేవు, కైలాసగిరి బోడిగా కనపడింది. మా అక్క కూతురు తొమ్మిదేళ్లది, సెలవులని వచ్చి మా దగ్గర చిక్కుకుపోయింది. భయపడి రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు నాకు బీరువా పైన అట్టపెట్టె గుర్తొచ్చింది. పెన్సిల్ సెల్స్ ఎక్కడా దొరకవు, షాపులన్నీ మూసే ఉన్నాయి. ఇంట్లో రెండు గోడ గడియారాలుంటే వాటిలోంచి చెరొకటి తీశాం. టైము చూసుకునే అవసరం ఆ వారం ఎవరికీ లేదులెండి.

స్విచ్ వేస్తే వెలిగింది. పదమూడేళ్లు దాటినా మెషిన్ బతికే ఉంది. కానీ నీనా లేదు. కొత్త ఆట మొదలుపెట్టు అని అడుగుతోంది తప్ప పాత ఆట లేదు. ఈ కేసెట్లలో లోపల ఒక చిన్న బిళ్ల బ్యాటరీ ఉంటుంది, మనం దాచుకున్నదంతా ఆ బ్యాటరీ ఇచ్చే కరెంటు మీదే నిలబడి ఉంటుంది, అది అయిపోతే జ్ఞాపకం చెరిగిపోతుంది. తప్పు ఎవరిదీ కాదు, దాని ఆయుష్షు అంతే. కానీ నాకు ఏడుపొచ్చింది. తుపానుకి రానిది దానికొచ్చింది.

ఆ పిల్ల నా మొహం చూసి, పిన్నీ, మళ్లీ పెంచుదాం అంది. రెండు రోజుల తర్వాత అది మాట్లాడిన మొదటి మాట. కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని కొత్త నీనాని మొదలుపెట్టింది. బ్యాటరీ చచ్చింది కాబట్టి స్విచ్ కట్టేస్తే మొత్తం పోతుందని చెప్పాను. అందుకని కట్టకుండా ఒకే దఫాలో, అన్నం తింటున్నప్పుడు కూడా పక్కన పెట్టుకుని ఆడింది. మొదటి పాయింట్లు వచ్చినప్పుడు ఎవరికివ్వాలి అని అడిగింది ఆట. కేట్‌కి ఇచ్చేసింది. రెండోసారీ కేట్‌కే. నేను ఆగలేక, నీనాకి పెట్టవేమే, నువ్వు నీనావి కదా అన్నాను. నేను ఎలాగూ ఆడతాను కదా పిన్నీ, కేట్‌ని ఎవరూ ఆడించట్లేదు, దానికి బలం లేకపోతే ఎలా అంది.

నాకు అది తట్టలేదు. చూడండి, నీనా తప్పు చేస్తే మన చెయ్యి సరిదిద్దగలదు. కేట్‌ని నడిపేది కంప్యూటర్, దానికి ఉన్నదల్లా మనం ఇచ్చిన అంకెలే. కాబట్టి చేతి నేర్పు ఉన్నవాడు జోడీకి ఎక్కువ ఇవ్వడమే సరైన లెక్క. ఆ పిల్ల లెక్క వేసి చెప్పలేదు, జాలిపడి చెప్పింది. రెండూ ఒకే చోటికి వచ్చాయి. మంచి డిజైన్ అంటే నాకు ఇదే, మనసు చెప్పినదీ బుర్ర చెప్పినదీ ఒకే బటన్ దగ్గర కలవాలి.

అయిదో రోజు బావ బండి మీద రెండు నీళ్ల క్యాన్లు కట్టుకుని గాజువాక నుంచి వచ్చాడు, చెట్లు దాటుకుంటూ మూడు గంటలు పట్టిందన్నాడు. నీనా పోయిన సంగతి చెప్పాను. ఆ తర్వాతి ఆదివారం తన కేసెట్ తెచ్చాడు. అందులో అలెక్స్ ఉన్నాడు. ఒకే షాపులో ఒకే రోజు కొన్న రెండు కేసెట్లలో ఒకటి పోయింది, ఒకటి మిగిలింది.

నా కేసెట్‌కి తర్వాత జగదాంబ దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే ఒక కుర్రాడు కొత్త బిళ్ల వేశాడు. పాత బిళ్లకి రేకులు అతికించి ఉంటాయి, టంకం వేడి పెట్టి తీయాలి, ఓపిక కావాలి. అప్పటినుంచి అందులో ఉన్నది మా అక్క కూతురి నీనా.

ఇంక ప్రశ్నలేవైనా ఉంటే అడగండి. ఆ, చెప్పమ్మా.

(ప్రశ్న: ఇప్పుడు ఇలాంటి ఆట కొత్తగా చేస్తే ఆన్‌లైన్‌లో ఆడించాలా, పక్కపక్కన కూర్చోబెట్టాలా?)

రెండూ చెయ్యి, కానీ పక్కపక్కన ముందు చెయ్యి. కారణం చెప్తాను. టెన్నిస్‌లో అంతా టైమింగే. తెర సెకనుకి 60 సార్లు మారుతుందనుకో, మారిన ప్రతి బొమ్మా ఒక ఫ్రేము, నెట్‌లో పదో వంతు సెకను ఆలస్యమైతే ఆరు ఫ్రేములు పోయినట్టు. డ్రాప్‌కి పరిగెత్తాలా వద్దా అన్నది ఆ ఆరు ఫ్రేముల్లోనే తేలుతుంది. దీన్ని కప్పిపుచ్చే పద్ధతులున్నాయి, ఎదుటివాడు ఏం నొక్కుతాడో ముందే ఊహించి ఆడించేసి, తప్పైతే వెనక్కి తిప్పి సరిచేస్తారు. నేర్చుకో, బోలెడు పని ఉంది అందులో. కానీ ముందు ఒకే గదిలో ఇద్దరిని కూర్చోబెట్టి వాళ్లు ఎక్కడ గట్టిగా అరుస్తున్నారో రాసుకో. ఎవరూ అరవకపోతే నీ ఆటలో ఏదో లేదు, ఇంటర్నెట్ దాన్ని తేలేదు.

(ప్రశ్న: ఆ అలెక్స్ కేసెట్‌లో బ్యాటరీ మార్చలేదా?)

మార్చాలి, బిళ్ల తీస్తే అలెక్స్ పోతాడని బావ చాలాకాలం ఒప్పుకోలేదు. కేసెట్‌లో దాచిన ఆటని కంప్యూటర్‌లోకి తీసుకునే చిన్న పరికరాలున్నాయి, దాంతో కిందటి నెల నకలు తీసి పెట్టాను. బిళ్ల మార్చాక మళ్లీ లోపల పెట్టొచ్చు. ఇంకా మార్చలేదు. కాబట్టి ఇప్పుడు ఇందులో ఉన్నది అసలు అలెక్సే, 2001 దసరా నాటివాడు. స్పీడ్ మాత్రం ఇప్పటికీ తక్కువే, బావ ఆ ఒక్క విషయంలో మారలేదు.

సరే, సెల్స్ కొత్తవి వేశాను, కేబుల్ ఇదిగో. ఇద్దరు రండి. కిటికీ వైపు కూర్చోండి, అక్కడ వెలుతురు బాగుంది. ఇంకా దగ్గరగా జరగండి, కేబుల్ అందదు. అలెక్స్‌ని తీసుకున్నవాళ్లు సర్వీస్ బలంగా వేసుకోండి. నీనా వైపు కూర్చున్నావు కదా నువ్వు, బి తర్వాత ఏ. గుర్తుంది కదా?